నేల తేమను తెలుపు విద్యుత్ నిరోధము

బత్తాయి తోటకు తడి ఎప్పుడు పెట్టవలెనో పై మట్టిని చూచి నిర్ణయించుట మన రైతులకు వాడుక. కాని పైమన్ను బెట్టగా ఉన్నను, అడుగు లోతున తగినంత తేమ ఉండవచ్చును. అట్టి సమయమున బోరు నడిపినచో నీరు వృథా యగుటయే గాక వేళ్ళకు గాలి ఆడదు. కావున వేళ్ళున్న చోటనే తేమను కొలువవలెను.

ఇందుకు జిప్సం దిమ్మ చౌకయైన సాధనము. దీనిని 1940లో అమెరికాలోని మిచిగాన్‌లో బుయూకోస్, మిక్ అను శాస్త్రజ్ఞులు వివరించిరి. రెండు లోహపు కొసలను జిప్సంలో పొదిగి దీనిని చేయుదురు. దిమ్మ తడిగా ఉన్నపుడు నిరోధము కొన్ని వందల ఓములే. ఆరిన కొలది అది వేలకు, పదివేలకు పెరుగును.

డేటా లాగరు నిరోధమును నేరుగా కొలువదు. వోల్టేజిని కొలిచి లెక్క కట్టును. 10,000 ఓముల నిరోధకమును, దిమ్మను వరుసగా కలిపి 2.5 వోల్టులు ఇచ్చితిమనుకొందము. దిమ్మపై 0.5 వోల్టు కనిపించినచో, మిగిలిన 2 వోల్టులు నిరోధకముపై ఉన్నట్లు. అనగా దిమ్మ నిరోధము అందులో నాలుగవ వంతు, 2,500 ఓములు.

విద్యుత్తును ఒకే దిశలో పంపుచుండినచో దిమ్మలో రసాయనిక మార్పు కలిగి లెక్క తప్పును. కావున క్షణకాలము మాత్రమే, దిశ మార్చి మార్చి పంపునట్లు లాగరును అమర్చవలెను.

దిమ్మను రాత్రంతా నీట నానబెట్టి, డ్రిప్పు తడుపు మేరలో ఒకటి అడుగు లోతున, మరొకటి రెండడుగుల లోతున పాతవలెను. చుట్టును పలుచని బురద పోసి గాలి సందు లేకుండ చేయవలెను. గంటకొకసారి కొలత చాలును. చౌడు నేలలో దిమ్మ ఉన్నదానికంటె ఎక్కువ తేమ చూపును. జిప్సం క్రమముగా కరుగును గనుక కొన్నేండ్లకు మార్చవలెను.

ఒక తోటలో 2,000 ఓములున్న కొలత ఒక్క రాత్రిలో లాగరు చూపగల హద్దును దాటెను. రైతు మోటారు వేయబోవుచుండగా, దిమ్మ ప్రక్కన త్రవ్వి చూచితిమి. మట్టి పిడికిట ఉండకట్టెను. తీగను ఎలుక కొరికినది! నేల ఆరుట రోజుల తరబడి జరుగును. ఒక్కసారిగా ఎగసిన అంకె తెగిన తీగకు గుర్తు. అతుకులో నీరు చేరినచో ఇందుకు విరుద్ధముగా నిరోధము తగ్గి, ఎండుచున్న తోటను తడిగా ఉన్నట్లు చూపును. ఇది మరింత ప్రమాదము.

కావున రైతు సోదరులు ప్రతి పంటకాలపు ఆరంభమున దిమ్మ స్థానములో 5,000 ఓముల నిరోధకమును కలిపి, లాగరు అదే అంకె చూపునో లేదో పరీక్షింపుడు. అనుమానము కలిగినపుడు యంత్రము మాటను పిడికెడు మట్టితో సరిచూచుకొనుడు.