దోమల నివారణకు కాలనీ ప్రణాళిక

1897 ఆగస్టు 20న సికింద్రాబాదు చెంత బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. దోమల నివారణ ఒక్క ఇంటితో అగునది కాదు. ఒక ఇంట నీరు నిలిచియున్నచో పొరుగిండ్లకును జ్వరభయమే. వేపాకు ధూపము ఎగిరే దోమలను కొంత పారద్రోలునే గాని నీటిలోని లార్వాలను చంపజాలదు. ఉబ్బసము గలవారికి ఆ పొగ పడదు.

కావున కాలనీవాసులు సమావేశమై ముందుగా లక్ష్యమును నిర్ణయించుకొనవలెను. "దోమలు తగ్గవలెను" అనుట కోరిక మాత్రమే. "మూడు నెలలలో ఏ ఇంటి నీటిలోను లార్వాలు కనిపించరాదు" అనునది లెక్కకు అందు లక్ష్యము.

ఆచరణ క్రమము:

1. మొదటి వారము ఇంటింటా డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీలు, సంపులు పరిశీలించి, లార్వాలున్న ఇండ్లను లెక్కించి వ్రాసికొనవలెను.

2. గ్రుడ్డు దోమగా మారుటకు సుమారు 7 నుండి 10 దినములు పట్టును. అందుచే ప్రతి ఆదివారము పాత్రలను ఖాళీచేసి, తోమి, ఆరబెట్టవలెను. సంపులకు బిగుతైన మూతలుండవలెను.

3. పదేసి ఇండ్లకు ఒకరు బాధ్యత వహించవలెను. మురుగుకాల్వల సంగతి పురపాలక సిబ్బందికి వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

4. నెలకొకసారి మరల లెక్కించి, తగ్గని వీధిపై అధిక శ్రద్ధ వహించవలెను.

జ్వరము వచ్చినచో కషాయములతో కాలయాపన చేయక వెంటనే రక్తపరీక్ష చేయించుకొనుడు.