బుట్టకు చుట్టేది సెలోఫేనేనా?

ప్రశ్న: పండ్ల బుట్టలకూ పూలగుత్తులకూ చుట్టే గలగలలాడే కాగితం ప్లాస్టిక్కేనా? ఎరువు గుంటలో వేయొచ్చా?

జవాబు: అసలైన సెలోఫేన్ ప్లాస్టిక్ కాదండీ. కలప గుజ్జులోని సెల్యులోజ్‌తో చేసిన పలుచని పొర. స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త జాక్ బ్రాండెన్‌బెర్గర్ 1908లో రూపొందించారు. నూనెను ఆపుతుంది, తేమను మాత్రం ఆపలేదు. 1927లో డ్యూపాంట్ సంస్థ తేమ నిరోధక పూత కనిపెట్టాకే మెత్తబడే తినుబండారాలకు బాగా పనికొచ్చింది. మెలితిప్పితే విచ్చుకోదు కనుక చాక్లెట్లకూ వాడారు.

చిక్కేమిటంటే, ఇప్పుడు దుకాణాల్లో ఈ పేరుతో అమ్మేది చాలావరకు పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. చిన్న ముక్కను పట్టుకారుతో పట్టి, ఆరుబయట వెలిగించి చూడండి. కాగితంలా కాలి బూడిదైతే సెలోఫేన్. కరిగి బొట్లుగా కారితే ప్లాస్టిక్. దాన్ని గుంటలో వేయకండి. సెలోఫేనైనా పూత లేనిదే మట్టిలో త్వరగా కలుస్తుంది.