వ్యసన విముక్తి – కుటుంబ కర్తవ్యం

మానవుడు సంఘజీవి. అతని సుఖం ఒంటరిది కాదు. అతని పతనమూ ఒంటరిది కాదు. ఒక ఇంట ఒకడు తాగుడుకు లోనైతే, ఆ ఇంట ఎన్నడూ మద్యం ముట్టనివారు సైతం దాని ఫలితాన్ని అనుభవిస్తారు. అయినను వ్యసనాన్ని గూర్చి వ్రాసేవారు వ్యసనపరుణ్ణి నిందించడంతోనే తృప్తి చెందుతారు. అతడు మానదలచినప్పుడు ఏమి జరుగుతుంది? అతని ప్రక్కన నిలిచినవారి గతి ఏమి? ఈ రెండు ప్రశ్నలను విచారించడమే ఈ వ్యాసోద్దేశం.

వ్యసనం దోషమా? వ్యాధియా?

"మనసుంటే మానలేడా?" అని లోకం అడుగుతుంది. దీనికి 2020వ సంవత్సరం సమాధానం చెప్పింది. ఆ మార్చి నెలాఖరున లాక్‌డౌన్ వల్ల మద్యం దుకాణాలు, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడగా, కొద్ది రోజులలోనే హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి రోగులు పెద్ద సంఖ్యలో తరలివచ్చారు. చేతుల వణుకు, నిద్రలేమి, మూర్ఛలు, లేనివి కనిపించడం, వినిపించడం వారి బాధలు. వారు తాగినందువల్ల కాదు, తాగుడు హఠాత్తుగా ఆగినందువల్ల ఆ దశకు చేరారు.

దీనికి కారణం స్పష్టం. మద్యం మెదడు చురుకుదనాన్ని అణచివేస్తుంది. ఆ అణచివేత ఏండ్ల తరబడి సాగితే, మెదడు తన పని తాను చేసుకొనుటకై ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. త్రాసులో ఒక తట్టలోని బరువుకు సరిగా రెండవ తట్టలో బరువు చేర్చినట్లన్నమాట. మొదటి తట్టను ఉన్నట్టుండి ఖాళీ చేస్తే రెండవది నేలకు కొట్టుకుంటుంది. మానిన మొదటి రెండు రోజులలో మూర్ఛలు రావచ్చు. సాధారణంగా రెండవ రోజు నుండి నాల్గవ రోజు లోపల మతిభ్రమ కలుగవచ్చు. చికిత్స లేనిచో ఇది ప్రాణాపాయం. కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయజిపాం, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపే దురాచారం తెలంగాణలో ఉన్నందున, అట్టి కల్లు మానినవారికి సైతం ఇట్టి బాధలే కలుగుతున్నాయి. కావున చిరకాలంగా విపరీతంగా తాగేవానిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించుట మేలు చేయుట కాదు. వైద్యుని పర్యవేక్షణ అవసరం.

1976లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, మిల్టన్ గ్రాస్ అను శాస్త్రజ్ఞులు ఈ స్థితిని లక్షణ సముదాయంగా వర్ణించిన తరువాత, దీనిని కేవలం శీలలోపంగా చూచే దృష్టి వైద్యలోకంలో సన్నగిల్లింది.

అసలు పరీక్ష ఇంటిలోనే

శరీరం కుదుటపడుటకు వారం, పది రోజులు చాలు. మనసు కుదుటపడుటకు నెలలు, సంవత్సరాలు పడతాయి. ఆసుపత్రి నుండి తిరిగివచ్చిన దినమే అసలు పరీక్ష ఆరంభం. ఒకమారు జారిపడినంత మాత్రాన చికిత్స వ్యర్థమైనదని తలచరాదు. మధుమేహ రోగికి చక్కెర పెరిగితే మందు మార్చుతాం గాని ఇంటి నుండి వెళ్లగొట్టం గదా!

ఈ పరీక్షలో కుటుంబం పాత్రను గుర్తించినవారిలో శ్రీమతి శాంతి రంగనాథన్ స్మరణీయురాలు. మద్యవ్యసనం వల్ల భర్తను కోల్పోయిన ఆమె, అమెరికాలో శిక్షణ పొంది, 1980లో మద్రాసులో ఆయన పేరిట చికిత్సా సంస్థను స్థాపించారు. అక్కడ రోగితోపాటు కుటుంబ సభ్యులకు సైతం ప్రత్యేక బోధన జరుగుతుంది. 1992లో ఆమెకు పద్మశ్రీ లభించింది. అమెరికాలో 1935లో తాగుడు మానినవారు పరస్పర సహాయానికి ఆల్కహాలిక్స్ అనానిమస్ నెలకొల్పుకొనగా, 1951లో దాని స్థాపకులలో ఒకరైన బిల్ విల్సన్ భార్య లోయిస్ కుటుంబాలకై ఆల్-అనాన్ సంఘాన్ని ఆరంభించింది. రోగిని మోసేవారికి సైతం ఆసరా కావాలని ఈ ఇరువురు స్త్రీలూ స్వానుభవంతో గ్రహించారు.

చేయదగినవి, చేయరానివి

భర్త మత్తులో పడియుంటే భార్య జ్వరమని చెప్పి సెలవు చీటీ పంపుతుంది. తల్లి గాజులు తాకట్టు పెట్టి కొడుకు బాకీ తీర్చుతుంది. ఇది ప్రేమయే, సందేహం లేదు. కాని ఆ ప్రేమ నీడలో వ్యసనం పెరుగుతుంది. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టవలె. దుకాణం బాకీ మాత్రం తీర్చరాదు. మనిషిని ఆదుకొనుట వేరు, వ్యసనాన్ని ఆదుకొనుట వేరు.

రెండవది, రహస్యంగా అన్నంలో మందు కలుపుట. డైసల్ఫిరాం అను మందు తాగుడు మాన్పించుటకు పనికివస్తుందని 1948లో డెన్మార్కులో కనుగొన్నారు. అది పుచ్చుకున్నవాడు మద్యం తాగితే వాంతులు, గుండెదడ కలిగి రక్తపోటు పడిపోతుంది, ప్రాణమే పోవచ్చు. కనుక రోగి ఎరుకతో, సమ్మతితో, వైద్యుని సలహాతోనే దానిని ఈయవలె.

మూడవది, అనుదినం అనుమానించుట. ప్రతి సాయంకాలం నోరు వాసన చూచే ఇంటిలో విశ్వాసం మొలకెత్తదు. మందు వేసుకొనుటకు, వైద్యుని చూచుటకు ఇరువురూ ముందే ఒప్పుకొన్న నియమాలు మేలు.

నాల్గవది ముఖ్యమైనది. ఓర్పు అనగా దెబ్బలు తినుట కాదు. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లోనే వచ్చింది. సేవ చేసే ఇల్లాలికి నిద్ర కావాలి, వేళకు తిండి కావాలి, మనసు విప్పి చెప్పుకొనుటకు ఒక్కరైనా కావాలి. ఆమె కూలిపోతే ఆ ఇంట ఇద్దరు రోగులగుదురు.

మతం, చట్టం

ఇస్లాం మద్యాన్ని నిషేధించింది. ఆ నిషేధం సమాజానికి రక్ష. కాని దాని వల్లనే ముస్లిం కుటుంబాలలో ఇట్టి రోగి ఉంటే సిగ్గు రెట్టింపై, వైద్యుని వద్దకు పోవుట ఆలస్యమవుతుంది. తౌబా ద్వారం తెరచియున్నదని నమ్మేవారు ఆసుపత్రి ద్వారాన్ని మూయరాదు. సబర్ అనగా మౌనంగా కుమిలిపోవుట కాదు, నిలకడగా ప్రయత్నించుట.

2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన సర్వే ప్రకారం, మద్యం సమస్యలకు సహాయం అవసరమైనవారు దేశంలో సుమారు 5.7 కోట్లు. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా తన పరిధిలో చేర్చింది. కావున చికిత్స పొందుట భిక్ష కాదు, హక్కు. 14446 సంఖ్యకు ఫోను చేస్తే ఉచితంగా సలహా లభిస్తుంది.

విద్యార్థినీ విద్యార్థులారా! చికిత్స పొంది వచ్చిన మిత్రుణ్ణి పెండ్లి విందులో "ఒక్క గుక్క" అని బలవంతపెట్టకండి. అతని పాత కథ నలుగురిలో ఎత్తకండి. అతనికి పని చూపండి, సాయంకాలం తోడుగా నడవండి. అతని తల్లినో, భార్యనో కలిసినప్పుడు "అతడెట్లున్నాడు?" అని అడిగిన పిమ్మట, "మీరెట్లున్నారు?" అని కూడా అడగండి. ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకు ఎవరూ అడిగి ఉండకపోవచ్చు.