పదిలో ఆరు పాళ్లు

బడికి, కాలేజీకి ఎవరు దానం చేస్తారు? రాజులు, జమీందార్లు, పెద్ద వ్యాపారులు. చాలామంది ఇలాగే అనుకుంటారు. కానీ బట్టలు ఉతికి బతికిన ఒక ఆడమనిషి కూడా దానం చేసింది. ఆమె పేరు ఓసియోలా మెకార్టీ.

ఓసియోలాది అమెరికా దేశం. మిసిసిపీ రాష్ట్రంలో హాటీస్‌బర్గ్ అనే ఊళ్లో ఉండేది. 1908లో పుట్టింది. నల్లజాతి పేద కుటుంబం. ఆరో తరగతిలో ఉండగా ఇంట్లో దగ్గరి బంధువు ఒకామెకు జబ్బు చేసింది. చూసుకునే దిక్కు లేదు. ఓసియోలా బడి మానేసింది. మళ్లీ బడి మొహం చూడలేదు.

ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసేది. ఏడాది కాదు, రెండేళ్లు కాదు, 70 ఏళ్లకు పైగా! వచ్చిన కూలిలో కొంత బ్యాంకులో వేసేది. వేసింది తీసేది కాదు. ఎక్కడికైనా నడిచే వెళ్లేది. ముసలితనంలో కీళ్లనొప్పులు వచ్చాక పని మానింది.

ఆమె తర్వాత ఆ డబ్బు ఎవరికి చెందాలి? బ్యాంకు ఆఫీసరు పది నాణేలు ఆమె ముందు పెట్టాడు. ఆమె డబ్బంతా ఆ పది నాణేలు అనుకోమన్నాడు. ఆమె ఒక నాణెం చర్చికి పెట్టింది. ముగ్గురు బంధువులకు తలా ఒకటి పెట్టింది. మిగిలిన ఆరూ ఊళ్లోని విశ్వవిద్యాలయానికి!

ఆ ఆరు పాళ్లు ఎంతో తెలుసా? లక్షా 50 వేల డాలర్లు. ఇది 1995 నాటి మాట.

ఆ విశ్వవిద్యాలయం ఆమె ఇంటికి దగ్గరే. కానీ 1965 దాకా నల్లవాళ్లను అందులో చేర్చుకోలేదు. మరి అలాంటి చోటికి డబ్బు ఎందుకిచ్చింది? తర్వాత తలుపులైతే తెరిచారు. కానీ ఫీజు కట్టలేని పిల్లలు లోపలికి ఎలా పోతారు? తనకు దక్కని చదువు ఆ పిల్లలకు దక్కాలి. అదే ఆమె కోరిక. ఆమెను చూసి వందలమంది చందాలు వేశారు. ఆమె 1999లో కన్నుమూసింది.

మన పక్కన కర్ణాటకలోనూ ఇలాంటి మనిషి ఉన్నాడు. పేరు హరేకళ హాజబ్బ. మంగళూరులో కమలాపండ్లు అమ్మేవాడు. ఒకరోజు విదేశీయులు ఇంగ్లీషులో ధర అడిగారు. ఆయన చెప్పలేకపోయాడు. సిగ్గుపడ్డాడు. తన ఊరి పిల్లలకు ఈ గతి పట్టకూడదనుకున్నాడు. పైసా పైసా కూడబెట్టాడు. నలుగురినీ అడిగాడు. ఊళ్లో బడి పెట్టించాడు. 2020లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది.

కొందరు పేరు కోసం ఇస్తారు. కొందరు పోయినవాళ్ల గుర్తుగా ఇస్తారు. కొందరు చదువుకున్న బడి మీద మమకారంతో ఇస్తారు. వీళ్లిద్దరూ మాత్రం చదువు లేని బాధ తెలిసి ఇచ్చారు.

ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో బడివాళ్లు చెప్పాలి. లెక్క తెలిస్తే మళ్లీ ఇస్తారు. తెలియకపోతే ఇచ్చే చెయ్యి ఆగిపోతుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ఓసియోలా బడి ఎందుకు మానేసింది? మీ ఊళ్లో ఆడపిల్లలు ఎందుకు మానేస్తున్నారు?
2. మీ ఊరి బడికి ఎవరైనా ఏమైనా ఇచ్చారా? ఎందుకిచ్చారు?
3. డబ్బు లేనివాళ్లు బడికి ఏమి ఇవ్వగలరు?

లెక్క చెయ్యండి

మీ దగ్గర 1,000 రూపాయలు ఉన్నాయి. పదిలో ఆరు పాళ్లు ఎంత?