ఇంటికి వెదురు నేల: సందేహాలు - సమాధానాలు

మేం నంద్యాలలో ఇల్లు కట్టుకుంటున్నాం. కింద హాలు, వంటగది, ఒక పడకగది. మేడ మీద రెండు గదులు. బంధువులింట్లో వెదురు ఫ్లోరింగ్ చూసినప్పటి నుంచి ఇల్లంతా అదే వేయించాలని నాకు ఆశ. మావారేమో బేతంచెర్ల బండలు ఇంత దగ్గర పెట్టుకుని వెదురెందుకంటారు. ఎవరి మాట సరైనది?
- ఒక పాఠకురాలు, నంద్యాల

మేడ మీద మీ మాట, కింద మీవారి మాట నెగ్గాలంటాను. కారణం మీ పునాది కింద ఉన్న నల్లరేగడి. వానలకు నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండలకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఆ కదలికా, ఆ చెమ్మా కింది అంతస్తు నేలకు తగులుతూనే ఉంటాయి. బండ దాన్ని ఓర్చుకుంటుంది. ఎక్కడైనా పగిలినా ఆ ఒక్క బండ మార్చుకుంటే సరిపోతుంది. వెదురు మాత్రం పలకగా మారాక కూడా చెమ్మ తగిలితే ఉబ్బి, ఆరితే ముడుచుకుంటుంది. పైగా చెదలకు అది ఇష్టమైన తిండి. పండక్కి ఇల్లు కడిగే అలవాటుంటే హాల్లో, వంటింట్లో దాని ఊసే వద్దు. తడి బాగా పిండిన గుడ్డతో తుడవాలే తప్ప నీళ్లు పొయ్యకూడదు.

మేడ మీది గదులకైతే నిశ్చింతగా వేయించుకోండి. కొనేముందు రకం తెలుసుకోండి. బజారులో దొరికే పలకల్లో ఎక్కువ భాగం చైనాలో పండే మోసో వెదురుతో చేసినవి. బొంగును చీల్చి, బద్దలను ఉడికించి ఆరబెట్టి, జిగురుతో అతికించేది ఒక రకం. బద్దలను నారలా చితక్కొట్టి, జిగురు కలిపి, భారీ ఒత్తిడితో దిమ్మలుగా చేసి కోసేది ఇంకో రకం. దీన్ని స్ట్రాండ్ వోవెన్ అంటారు. చెక్క గట్టిదనాన్ని కొలిచే జంకా లెక్కలో అమెరికా రెడ్ ఓక్ 1,290 ఉంటే, మొదటి రకం ఇంచుమించు దానికి సాటి వస్తుంది. రెండోది 3,000 దాకా పోతుంది. తేనెరంగు కోసం ఆవిరిలో మగ్గబెట్టిన బద్దల పలకలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ కాస్త మెత్తబడతాయి. మంచం జరిపితే గీత పడుతుంది. అందుకే స్ట్రాండ్ వోవెనే అడగండి. జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ వాయువు వస్తుంది కాబట్టి డబ్బా మీద ఈ-1 గానీ, అంతకంటే మేలైన ఈ-0 గానీ ఉందో లేదో చూడండి.

కొత్త స్లాబు పూర్తిగా ఆరకుండా పని మొదలుపెట్టనివ్వకండి. రెండడుగుల ప్లాస్టిక్ షీటును స్లాబు మీద పరిచి, నాలుగు అంచులకూ టేపు అంటించి, ఒక పగలూ రాత్రీ వదిలేయండి. అడుగున నీటి చుక్కలు పడితే, స్లాబు రంగు ముదిరితే ఇంకా ఆగాలి. పలకలను మూడు రోజులు అదే గదిలో ఉంచి ఆ గాలికి అలవాటు పడనివ్వాలి. గోడ పొడవునా 10-12 మిల్లీమీటర్ల సందు వదలాలి. స్కర్టింగు వేస్తే అది కనబడదు.

మన ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. అమ్మేవాళ్లు దీన్ని చెప్పరు. ఎయిర్ కూలర్! నేను చూసిన ఒక ఇంట్లో గదంతా నేల చక్కగా ఉంది, కూలర్ ముందు మాత్రం నాలుగు పలకలు వీపు పైకెత్తి నిలబడ్డాయి. ఏప్రిల్, మే నెలల్లో కిటికీలు మూసి కూలర్ తిప్పితే గది వానాకాలమైపోతుంది, ఆపితే మళ్లీ ఎండుతుంది. ఆ గదుల్లో కూలరే దిక్కయితే అక్కడ కూడా బండలే పరిపించుకోండి. బండలకూ లోపం లేకపోలేదు. అది సున్నపురాయి. నిమ్మరసం, చింతపండు పులుసు పడి ఆరితే తెల్లటి మచ్చ పడుతుంది. బాత్రూం యాసిడ్ అసలే తగలనివ్వొద్దు. అయితే మళ్లీ పాలిష్ పట్టిస్తే కొత్తదానిలా అవుతుంది.

మా అమ్మకు డెబ్బై దాటాయి. మోకాళ్ల నొప్పులు. చలికాలం పొద్దున్నే బండల మీద కాలు పెట్టలేకపోతోంది. పాత బండలు తవ్వకుండా వాటి మీదే వెదురు పలకలు వేయొచ్చా?
- ఒక పాఠకుడు, ఆళ్లగడ్డ

వేయొచ్చు. ఏళ్ల తరబడి ఆరిన నేల కాబట్టి చెమ్మ భయం తక్కువ. ఆ ప్లాస్టిక్ పరీక్ష మాత్రం మీరూ చెయ్యండి. అయితే పాత నాపబండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఆరడుగుల అల్యూమినియం బద్ద ఆనించి చూడండి. కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు కనిపిస్తే ముందు చదును చేయించాలి, లేకపోతే నడిచినప్పుడల్లా పలక కిర్రుమంటుంది.

అమ్మగారి విషయంలో ఒక మాట. వెదురు వేస్తే పాదాలకు చల్లదనం తగ్గుతుంది, మోకాళ్ల నొప్పి తగ్గదు. పలక గట్టిదే, దాని కింద పరిచే ఫోమ్ రెండు మూడు మిల్లీమీటర్లే. బండ, వెదురు రెండూ ఒకే వేడిలో ఉన్నా బండ పాదంలోని వేడిని తొందరగా లాగేస్తుంది, అందుకే జివ్వుమంటుంది. మే నెల మధ్యాహ్నం ఒట్టి బండ మీద పడుకుంటే ప్రాణం లేచి వచ్చేదీ అందుకే. పైగా పలకలతో ఆ గది నేల దాదాపు ముప్పావు అంగుళం లేస్తుంది. తలుపు అడుగు కోయించాలి, గుమ్మం దగ్గర మెట్టు తేలుతుంది. కాలీడ్చి నడిచే పెద్దావిడకు ఆ మెట్టు ప్రమాదం. అక్కడ వాలుగా ఉండే పట్టీ బిగించలేకపోతే వెదురు ఆలోచన మానేసి, మంచం పక్కన జారని మందపాటి చాప పరచండి, ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు కొనివ్వండి.

నల్లమల మా పక్కనే ఉంది. ఆ వెదురుతోనే ఈ పలకలు ఎందుకు చేయరు?
- ఒక విద్యార్థి, ఆళ్లగడ్డ

నల్లమలలో విరివిగా ఉండే సాధనపు వెదురు సన్నగా, దాదాపు గుల్ల లేకుండా పెరుగుతుంది. నిచ్చెనకూ కర్రకూ దానికి సాటి లేదు. వెడల్పు బద్దలు తీయాలంటే మాత్రం మోసోలాంటి లావు బొంగు కావాలి. చితక్కొట్టి ఒత్తే పద్ధతికి ఇది పనికొచ్చినా అందుకు పెద్ద ప్రెస్సులు, నిలకడగా సరుకు ఉండాలి. అడవిలోది ఇష్టమొచ్చినట్టు కొట్టడానికి లేదు. సొంత పొలంలో పెంచుకున్న వెదురుకైతే దారి సుగమమైంది. 2017లో భారత అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయటి వెదురును చెట్ల జాబితాలోంచి తీసేశారు.

స్థానిక వెదురు ఇంట్లో ఉండాలనిపిస్తే నేలకు కాకుండా గోడకు, పైకప్పు లోపలి వైపుకు వాడండి. మేదరులు అల్లే తడికలు, చాపలు అక్కడ ఎంత అందంగా ఉంటాయో! అల్లకముందే బద్దలను బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టమని చెప్పండి. వెదురులోని పిండిపదార్థం కోసమే పుచ్చు పురుగు వస్తుంది. ఈ పని చేయకపోతే ఏడాది తిరగకుండా తడిక కింద పసుపుపచ్చటి పొడి రాలడం చూస్తారు.