విత్తనం గింజ – కంప్యూటరు ఫైలు



ఈ సంచికలో రాసే వంతు నాది. మన కంప్యూటరు గదిలో జరిగిన ఒక సంగతి, దాని వల్ల నేను నేర్చుకున్న పాఠం రాస్తున్నాను.

సంక్రాంతి సెలవులకు ముందురోజు సాయంత్రం కంప్యూటరులో అప్‌డేట్ ఎక్కుతుండగా కరెంటు పోయింది. మర్నాడు ఆన్ చేస్తే నీలం తెర తప్ప ఏమీ రాలేదు. "ఏటైందిరా దీనికి?" అని అందరం గుమిగూడాము. సెలవుల్లో ఫార్మాట్ చేయించి, విండోస్ కొత్తగా ఎక్కించారు. మేము తిరిగి వచ్చేసరికి చక్కగా పనిచేస్తున్నది గానీ డెస్క్‌టాప్ ఖాళీ! అందులో నా ఫైలు ఒకటి ఉండేది. మా నాయనమ్మ చెప్పిన కువి మాటలు, వాటికి తెలుగు అర్థాలు, మొత్తం రెండు వందల పైచిలుకు టైపు చేసి పెట్టుకున్నాను. నాయనమ్మ దసరాకు ముందే చనిపోయింది. ఇక అడుగుదామంటే మనిషి లేదు. ఫైలు ఉందని నేను ఎవరికీ చెప్పలేదు. కాబట్టి తప్పు నాదే.

కంప్యూటరు బాగుపడింది, నా మాటలు మాత్రం ఎందుకు పోయాయి? సారుని అడిగి తెలుసుకున్నాను.

కంప్యూటరులో ఫైళ్లు రెండు రకాలు. ఒకటి, కంప్యూటరు లేచి నడవడానికి కావలసినవి. వీటిని సిస్టం ఫైళ్లు అంటారు. రెండు, మనం రాసుకున్నవి.

మా ఇంట్లో చోళ్ళు నూర్చగానే అమ్మ ముందుగా విత్తనానికి తీసి పక్కన పెడుతుంది. ఇంట్లో గింజలు అయిపోయినా సరే, ఆ కుండ జోలికి పోనివ్వదు. విండోస్ కూడా ఇలాగే చేస్తుంది. విండోస్ ఫోల్డరు లోపల విన్ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డరు ఉంటుంది. సిస్టం ఫైళ్ల నకళ్లు అందులో దాచి ఉంటాయి. ఏదైనా ఫైలు చెడితే అక్కడి నుంచి మంచిది తెచ్చి వేసుకోవచ్చు. అదీ చెడితే అదే విండోస్ ఎక్కడైనా దొరుకుతుంది. కానీ మన ఫైళ్లకు అలాంటి కుండ లేదు. మనం పెడితేనే ఉంటుంది.

కంప్యూటరు మొరాయిస్తే వరుసగా చేయవలసినవి:

1. ముందు మన ఫైళ్లు కాపీ చేసుకోవాలి. విండోస్ లేవకపోయినా హార్డ్ డిస్కు బాగుంటే ఫైళ్లు అందులోనే ఉంటాయి. డిస్కు తీసి వేరే కంప్యూటరుకు తగిలించి తీసుకోవచ్చు. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు.

2. కంప్యూటరు లేస్తే, కమాండ్ ప్రాంప్ట్‌ను 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అని తెరవాలి. ఎస్ఎఫ్‌సి అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్, వెంటనే స్కాన్‌నౌ అని కొట్టాలి. సిస్టం ఫైళ్లన్నీ తనిఖీ చేసి, చెడినవాటి చోట మంచివి పెడుతుంది. నూరు శాతం అయ్యేదాకా ఆపకూడదు. ఈ పనిముట్టు విండోస్ 98 నుంచీ ఉన్నది.

3. దాచిన నకలే చెడిపోయి ఉంటే డిఐఎస్ఎమ్ అనే పనిముట్టు వాడాలి. అది ఇంటర్నెట్ ద్వారా మంచి నకళ్లు తెచ్చుకుంటుంది. తరువాత రెండో మెట్టు మళ్లీ చేయాలి.

4. అసలు లేవకపోతే విండోస్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో లేపి, 'రిపేర్ యువర్ కంప్యూటర్' లో 'స్టార్టప్ రిపేర్' ఎంచుకోవాలి. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. దానిని తయారుచేసేటప్పుడు అందులోని పాతవన్నీ చెరిగిపోతాయి, జాగ్రత్త!

5. ముందే 'రిస్టోర్ పాయింట్' పెట్టి ఉంటే విండోస్‌ను వెనకటి రోజుకు తీసుకుపోవచ్చు. అయితే మనం పోగొట్టుకున్న ఫైళ్లు దీనితో తిరిగి రావు.

6. ఫార్మాట్ అన్నిటికన్నా ఆఖరు.

మార్చే ముందు పాతదానిని దాచడం కొత్త విద్య కాదు. మన రాయవరంలో 1862లో పుట్టిన గురజాడ అప్పారావు గారు 'కన్యాశుల్కం' నాటకాన్ని 1897లో అచ్చు వేయించారు. తరువాత ఎంతో మార్చి 1909లో మళ్లీ వేయించారు. మొదటి ప్రతి నిలిచి ఉండబట్టి నేడు రెండూ చదవగలుగుతున్నాము.

ఇది మన ఒక్క కంప్యూటరు కథే అనుకోకండి. 2024 జూలై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ తన రక్షణ ప్రోగ్రాముకు ఒక తప్పు ఫైలు పంపింది. ఆ ప్రోగ్రాము విండోస్‌తో పాటే లేస్తుంది కాబట్టి విండోస్ కూడా పడిపోయింది. ప్రపంచమంతా 85 లక్షల కంప్యూటర్లకు నీలం తెర వచ్చిందని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. కంపెనీ 78 నిమిషాల్లోనే తప్పు దిద్దింది గానీ, పడిపోయిన కంప్యూటర్లు ఆ దిద్దుబాటును అందుకోలేవు కదా! చాలాచోట్ల మనుషులే ఒక్కొక్క కంప్యూటరు దగ్గరకు వెళ్లి, 'సేఫ్ మోడ్' లో తెరిచి, ఆ ఫైలును తీసివేశారు. ఆ రోజు హైదరాబాదు శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు ఏ విధంగా ఇచ్చారో చెప్పుకోండి చూద్దాం. పెన్నుతో చేత్తో రాసి ఇచ్చారు!

ఇది విన్నాక నాకు మన గోడపత్రిక గుర్తుకు వచ్చింది. కిందటి ఏడాది నేను 'మా నాయనమ్మ మాటలు' అని ఒక షీటు రాశాను. పాత షీట్లు వార్డెన్ గారి గదిలో బీరువా మీద చుట్టి ఉన్నాయి. దుమ్ము దులిపి వెతికితే దొరికింది. అందులో 64 మాటలు ఉన్నాయి. మిగతావి మా మేనత్తను అడుగుతున్నాను. ఆమెకు కొన్ని తెలుసు, కొన్ని తెలియవు.

అందుకని ఒక లెక్క గుర్తుంచుకోండి: మూడు, రెండు, ఒకటి. ఏ ఫైలైనా మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల వస్తువుల మీద ఉండాలి. ఒకటి వేరే చోట ఉండాలి. విత్తనాలన్నీ ఒకే ఇంట్లో ఉంటే, ఆ ఇల్లు కాలితే ఊరికి విత్తనం ఉండదు.

వార్డెన్ గారికి మనవి: హాస్టలుకు ఒక పెన్‌డ్రైవ్ కేటాయించి, ప్రతి శనివారం పిల్లల ఫైళ్లు అందులోకి ఎక్కించి, బీరువాలో పెట్టించగలరు. పాత గోడపత్రిక షీట్లను కూడా పారవేయించవద్దు.

మిత్రులారా, మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన పాటో, కథో, మందు చెట్టు పేరో ఉంటే ఈ ఆదివారమే రెండో ప్రతి రాయండి. కంప్యూటరు పాడైతే మళ్లీ వస్తుంది.

తప్పులుంటే మన్నించగలరు.

– 9వ తరగతి విద్యార్థి, ఎస్. రాయవరం