ప్రోస్టేట్ క్యాన్సర్: రోబో కంటే ముందు చూడవలసినవి

ఘాజియాబాద్‌లోని ఇందిరాపురం, వైశాలి, కౌశాంబి వంటి కాలనీల్లో యాభై దాటిన మగవారు చేయించుకునే హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష తరచూ ఉంటుంది. షుగరు, కొలెస్టరాల్ అంకెల మధ్య అదీ ఒక అంకె. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటిందంటే ఇంట్లో కంగారు మొదలవుతుంది. ఆలోచన తిన్నగా క్యాన్సర్ మీదికి, అక్కడి నుంచి ఆపరేషన్ మీదికి, ఈమధ్యనైతే రోబో ఆపరేషన్ మీదికి పోతుంది. నిజానికి ఆ అంకెకూ ఆ రోబోకూ మధ్య చాలా మజిలీలున్నాయి. రోగి జీవితాన్ని ఎక్కువగా నిర్ణయించేవి అవే.

ప్రోస్టేట్ అంటే పౌరుష గ్రంథి. మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకొని పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. వీర్యాన్ని పలుచబరిచే పి.ఎస్.ఎ. అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. అందులో కొద్ది భాగం రక్తంలోకి చేరుతుంది. వయసుతో గ్రంథి ఉబ్బినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఆ మోతాదు పెరుగుతుంది. క్యాన్సర్ వచ్చినా పెరుగుతుంది. అంటే పి.ఎస్.ఎ. గ్రంథి గురించి చెబుతుందే తప్ప క్యాన్సర్ గురించి మాత్రమే చెప్పదు. 4 నుంచి 10 మధ్య వచ్చినవారికి బయాప్సీ చేస్తే సుమారు నలుగురిలో ఒకరికే క్యాన్సర్ బయటపడుతుంది. అందుకే మొదట చేయవలసిన పని కొన్ని వారాలు ఆగి పరీక్షను మళ్లీ చేయించడం.

పాత పద్ధతిలో తరువాతి మెట్టు బయాప్సీ. అల్ట్రాసౌండ్ సాయంతో మలాశయం గుండా సూదిని పంపి గ్రంథిలోని పది పన్నెండు చోట్ల నుంచి చిన్న ముక్కలు తీస్తారు. అల్ట్రాసౌండ్‌లో గ్రంథి కనిపిస్తుంది కానీ అందులోని కంతి చాలాసార్లు కనిపించదు. కాబట్టి ఆ సూది చీకట్లో రాయి విసిరినట్టే. ప్రమాదకరమైన కంతిని తప్పిపోవచ్చు, ఏ హానీ చేయని చిన్న కంతిని పట్టుకొని రోగిని భయపెట్టనూ వచ్చు.

ఈ పరిస్థితిని మార్చింది ఎం.ఆర్.ఐ. దీని వెనక ఉన్న భౌతికశాస్త్రం ఆసక్తికరం. శరీరంలోని నీటి అణువుల్లో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు చిన్న అయస్కాంతాల వంటివి. 3 టెస్లాల యంత్రంలో, అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు అరవై వేల రెట్ల క్షేత్రంలో, అవి సెకనుకు దాదాపు 12.8 కోట్ల సార్లు బొంగరాల్లా తిరుగుతాయి. ఇది ఎఫ్.ఎం. రేడియో తరంగాల పౌనఃపున్యానికి కాస్త ఎగువన ఉంటుంది. అదే పౌనఃపున్యంలో రేడియో తరంగాన్ని పంపితే కేంద్రకాలు స్పందిస్తాయి. ఆ స్పందనే చిత్రమవుతుంది.

ప్రోస్టేట్ విషయంలో బాగా పనికివచ్చేది నీటి అణువుల కదలికను కొలిచే డిఫ్యూజన్ చిత్రం. ఆరోగ్యంగా ఉన్న గ్రంథిలో సన్నని గొట్టాలు, వాటి నిండా ద్రవం ఉంటాయి. నీటి అణువులు అక్కడ ధారాళంగా తిరుగుతాయి. క్యాన్సర్ పెరిగిన చోట కణాలు ఒకదానికొకటి ఒరుసుకొని ఉంటాయి. దీపావళి ముందురోజు ఘాజియాబాద్ తురాబ్ నగర్ బజారులో నడిచే మనిషికి పది అడుగులు వేయడమే కష్టమైనట్టు, అక్కడ నీటి అణువు ఎక్కువ దూరం పోలేదు. ఈ తేడాను లెక్కగట్టి గీసిన పటంలో అనుమానపు చోటు నల్లగా కనిపిస్తుంది. దీన్ని మిగతా ఎం.ఆర్.ఐ. చిత్రాలతో కలిపి చూసి రేడియాలజిస్టు 1 నుంచి 5 వరకు మార్కు వేస్తారు. ఈ పద్ధతి పేరు పై-రాడ్స్. 1, 2 వస్తే ప్రమాదకర క్యాన్సర్ ఉండే అవకాశం తక్కువ, 4, 5 వస్తే ఎక్కువ.

బ్రిటన్‌లో 576 మందిపై జరిగి 2017లో ప్రచురితమైన ప్రామిస్ అధ్యయనం ప్రకారం ప్రమాదకర క్యాన్సర్లలో 93 శాతాన్ని ఎం.ఆర్.ఐ. పట్టుకోగా, పాత తరహా బయాప్సీకి దొరికినవి 48 శాతమే. ముందు ఎం.ఆర్.ఐ. తీస్తే నాలుగో వంతుకు పైగా మగవారికి సూది అవసరమే ఉండదని తేలింది. మరుసటి ఏడాది వచ్చిన ప్రెసిషన్ అధ్యయనంలో 500 మందిని రెండు జట్లుగా విడదీశారు. చిత్రం చూసి గురిపెట్టిన జట్టులో 38 శాతం మందికి, పాత పద్ధతి జట్టులో 26 శాతం మందికి ప్రమాదకర క్యాన్సర్ కనబడింది. అనవసరంగా బయటపడే నిరపాయకరమైన క్యాన్సర్లు మాత్రం 22 శాతం నుంచి 9 శాతానికి తగ్గాయి.

క్యాన్సర్ అని తేలినా వెంటనే కోయాలని లేదు. మన ఇళ్లలో మింగుడుపడని మాట ఇదే. బ్రిటన్‌లోని ప్రొటెక్ట్ అధ్యయనం గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు జట్లు చేసింది: పర్యవేక్షణ, శస్త్రచికిత్స, రేడియేషన్. 2023లో వెలువడిన పదిహేనేళ్ల ఫలితాల్లో మొత్తం మీద ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవారు 45 మంది, అంటే 2.7 శాతం. మూడు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే క్యాన్సర్ వేరే అవయవాలకు పాకడం పర్యవేక్షణ జట్టులో 9.4 శాతం కాగా, శస్త్రచికిత్స జట్టులో 4.7 శాతం. మరోవైపు ఆపరేషన్ అయిన ఆరు నెలలకు మూత్రం ఆగక ప్యాడ్లు వాడుతున్నవారు 46 శాతం, పర్యవేక్షణలో ఉన్నవారిలో 4 శాతం. ఈ రెండు వైపులనూ రోగి ముందు ఉంచని సలహా సగం సలహానే.

ఇక శస్త్రచికిత్స. అంగస్తంభనను నడిపే నాడులు ప్రోస్టేట్ పక్కనుంచే సాగుతాయి. అవి సరిగ్గా ఎక్కడున్నాయో గుర్తించి, వాటిని కాపాడుతూ గ్రంథిని తీసే పద్ధతిని అమెరికా సర్జన్ పాట్రిక్ వాల్ష్ 1982లో మొదలుపెట్టారు. అప్పటికి ఆపరేషన్ గదుల్లో రోబో లేదు. శరీర నిర్మాణ జ్ఞానమే ఆ మలుపుకు కారణం.

రోబో 2000లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదటిసారి ఈ ఆపరేషన్‌కు వచ్చింది. దాన్ని పెద్ద ఎత్తున స్థిరపరిచింది డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి. కేరళలో పుట్టిన డాక్టర్ మణి మీనన్ అక్కడ ఈ పనికి నాయకత్వం వహించగా, అందుకు అండగా నిలిచిన విరాళం తెలుగువాడైన సాఫ్ట్‌వేర్ వ్యాపారి రాజ్ వట్టికూటిది. అక్కడి యూరాలజీ విభాగానికి వట్టికూటి పేరే ఉంది. భారత్‌లో యూరాలజీ రోబో తొలిసారి 2006లో ఢిల్లీ ఎయిమ్స్‌కు వచ్చింది.

రోబో అన్న పేరే కొంత పక్కదారి పట్టిస్తుంది. ఈ యంత్రం తనంతట తాను ఏ పనీ చేయదు. సర్జన్ కొద్ది దూరంలోని కన్సోల్ ముందు కూర్చొని, పెద్దదిగా, లోతుతో కనిపించే చిత్రాన్ని చూస్తూ చేతులు కదిపితే, రోగి శరీరంలోని సన్నని పనిముట్లు మణికట్టులా తిరుగుతాయి. చేతి వణుకు వడపోతలో పోతుంది.

మరి ఫలితం? ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో తెరచి చేసే ఆపరేషన్‌ను, రోబో ఆపరేషన్‌ను నేరుగా పోల్చారు. రోబో జట్టులో రక్తనష్టం సగటున 444 మిల్లీలీటర్లు, రెండో జట్టులో 1,338. ఆసుపత్రిలో ఉన్నది ఒకటిన్నర రోజు, మూడుంపావు రోజులు. కానీ మూత్ర నియంత్రణలో, లైంగిక సామర్థ్యంలో మూడు నెలలకూ రెండేళ్లకూ కూడా తేడా కనిపించలేదు. ఇంకో వివరం: తెరచి చేసిన సర్జన్‌కు అప్పటికే 1,500కు పైగా ఆపరేషన్ల అనుభవం ఉంది, రోబో సర్జన్‌కు 200కు పైగా. యంత్రం కొంత అనుభవలేమిని పూడ్చిందని కొందరు, రోబో అనుభవం ఇంకా ఉంటే ఫలితం మెరుగయ్యేదని మరికొందరు వాదిస్తారు. ఎలా చూసినా, ఏ కంపెనీ రోబో అన్నదానికంటే సర్జన్ ఇప్పటిదాకా ఎన్ని ప్రోస్టేట్ ఆపరేషన్లు చేశారు, వారి రోగుల్లో ఏడాది తరువాత ప్యాడ్ అవసరం లేనివారెందరు అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

ఢిల్లీ పరిసరాల్లో ఈ రంగం వేగంగా కదులుతోంది. గురుగ్రామ్‌లో తయారయ్యే ఎస్.ఎస్.ఐ. మంత్ర అనే స్వదేశీ రోబోతో 2024 జూన్‌లో గురుగ్రామ్ నుంచే, సుమారు 40 కిలోమీటర్ల దూరాన రోహిణిలోని రాజీవ్ గాంధీ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న మూత్రాశయ క్యాన్సర్ రోగికి ఆపరేషన్ చేశారు.

అయితే మన దేశంలో చాలామంది వ్యాధి ఎముకలకు పాకాకే డాక్టరు దగ్గరికి వస్తారు. గ్రంథిని తీసే రోబోకు అక్కడ పెద్దగా పని ఉండదు. అక్కడా ముందు నిలిచేది చిత్రమే. క్యాన్సర్ కణాల పైపొరలో ఉండే పి.ఎస్.ఎం.ఎ. అనే ప్రోటీన్‌కు అతుక్కునే అణువుకు గాలియం-68ను జోడించి పెట్ స్కాన్ తీస్తే, వ్యాధి ఎక్కడెక్కడ ఉందో వెలుగు చుక్కలుగా కనిపిస్తుంది. ఆ రేడియోధార్మిక పదార్థం 68 నిమిషాలకే సగమవుతుంది. అదే రకం అణువుకు గాలియం బదులు లుటీషియం-177ను తగిలిస్తే అది మందుగా మారి, దగ్గరలోని క్యాన్సర్ కణాలను బీటా కిరణాలతో దెబ్బతీస్తుంది. 2021లో వెలువడిన విజన్ అధ్యయనంలో, బాగా ముదిరిన రోగుల సగటు ఆయుష్షు దీనివల్ల 11.3 నెలల నుంచి 15.3 నెలలకు పెరిగింది. ఈ లుటీషియంను ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో మన అణుశక్తి శాఖే తయారుచేస్తోంది.